కోళ్ల గూడు: రేకు పెట్టె మేలా, జాలీ మేలా?

మే నెలలో ఒక పెళ్లికి వెళ్తూ, కుక్కల భయంతో కోళ్లను గూట్లోనే పెట్టి తాళం వేశాం. సాయంత్రం వచ్చి తలుపు తీస్తే ఇస్త్రీ పెట్టె ముందు చెయ్యి పెట్టినట్టు సెగ కొట్టింది. నోళ్లు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతున్నాయి. ఎనిమిదింటిలో రెండు అప్పటికే పోయాయి. ఘట్‌కేసర్‌లో మా ఇంటి వెనక నేను ముచ్చటపడి చేయించిన గూడు అది. నాలుగు వైపులా రేకు, పైనా రేకే, గాలికి రెండు చిన్న కిటికీలు. వాన గురించీ చలి గురించీ ఆలోచించాను గానీ, ఎండ మాట మరిచిపోయాను.

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది. బయట 35 దాటితే రొప్పి రొప్పి చల్లబడాల్సిందే. హైదరాబాద్‌లో మే వచ్చిందంటే 40 మామూలే. అదే సంక్రాంతి ముందు రాత్రుల్లో 12కి దిగినా, ఒళ్లు పొడిగా ఉండి చలిగాలి నేరుగా తగలకపోతే పెద్ద కోడికి ఏమీ కాదు, ఈకలున్నాయి కదా. పిల్లల సంగతి వేరు, వాటికి మొదటి మూడు నాలుగు వారాలు బల్బు వెచ్చదనం కావాలి. పెద్దవాటికి మాత్రం మన ఊళ్లో జాలీ గూడే మేలు.

అలాగని నాలుగు వైపులా తెరిచేస్తే ఏమవుతుందో మా బావమరిది గూడు చూస్తే తెలిసింది. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థవాళ్ల గ్రామప్రియ రకం తెచ్చి, నాలుగు దిక్కులా జాలీ కొట్టించాడు. "పైన రేకుంది కదా బావా, వానెట్లొస్తది?" అన్నాడు. మృగశిర కార్తె దాటాక మొదటి గాలివానకే గూట్లో కింద పరిచిన ఊకంతా ముద్దయింది. తడి ఊకలో రెట్ట కలిస్తే వచ్చే అమోనియా ఘాటుకు కోళ్ల కళ్లు నీళ్లు కారాయి. రక్త విరేచనాలు కూడా తడి ఊకలోనే ముదురుతాయి.

అందుకే ఇప్పుడు మాది మధ్యరకం. పొడవు తూర్పు పడమరలుగా పెట్టాం. పడమటి గోడ మొత్తం ఇటుకతో మూసేశాం, మిగతా మూడు వైపులా అడుగున్నర గోడ మీద జాలీ. నైరుతి వానలు పడమటి గాలితోనే వస్తాయి, సాయంత్రపు ఎండా అటే. ఒక్క గోడతో రెండు పనులు. దక్షిణం వైపు చూరు రెండడుగులు బయటికి దించాం. కోళ్లు రాత్రి ఎక్కి కూర్చునే కర్ర ఆ ఇటుక గోడకు దగ్గరగా ఉంది.

కప్పు విషయంలో తాటాకును మించింది లేదు, చల్లదనంలో. కానీ ఎలుకలు దూరతాయి, పేలు పడతాయి, కొన్నేళ్లకోసారి మార్చాలి, సిటీలో కప్పేవాళ్లు దొరకాలి. నేను రేకే ఉంచి పైన తెల్ల సున్నం కొట్టించాను. వేసవిలో దాని మీద కొబ్బరి మట్టలు పరుస్తాం. లోపల థర్మాకోల్ అంటించమని ఎవరైనా చెబితే వినకండి. మా కోళ్లు రెండు రోజుల్లో అందినంత మేర పొడిచి తినేశాయి, అదేదో బొరుగులైనట్టు.

జాలీలో పిసినారితనం వద్దు. సన్న తీగ కోళ్ల జాలీ కోడిని ఆపుతుంది గానీ కుక్కను ఆపదు. అరంగుళం కళ్ల వెల్డ్ మెష్‌కు డబ్బు ఎక్కువే, కానీ ముంగిస కూడా దూరదు.

ఇక పరదాలు. గోనెసంచా, టార్పాలినా అంటే నాకు రెండూ కావాలి. మేలో మధ్యాహ్నం గోనెసంచులు తడిపి కడితే, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గూడు బాగా చల్లబడుతుంది. జులైలో అదే పని చేస్తే తేమే మిగులుతుంది. వానకు నీలం టార్పాలినే, అయితే కింది నుంచి పైకి కట్టి, పైన జానెడు సందు వదలాలి. మా అత్తమ్మ చలికాలంలో ఆ సందు కూడా మూసేస్తుంది, పాపం కోళ్లు వణుకుతాయని. తెల్లారి నేను గూటి ముందు గొంతుకూర్చుని, కోడి ముక్కంత ఎత్తులో అమోనియా వాసన ఉందేమో చూసి, మళ్లీ ముడి విప్పుతాను.