40 నిమిషాలకే తెగిపోయే జూమ్: మా జట్టు అనుభవం

జూమ్ ఉచిత ఖాతా మీద అందరూ చేసే ఫిర్యాదే నాకు అందులో బాగా నచ్చిన గుణం. 40 నిమిషాలు కాగానే సమావేశం తెగిపోతుంది. 2022 జులై నుంచి ఇద్దరే మాట్లాడుకుంటున్నా అంతే.

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసే చిన్న జట్టు మాది. కొందరం శ్రీకాకుళంలో, కొందరు విజయనగరంలో ఉంటాం. ఇదివరకు సోమవారం సమావేశం టిఫిన్ల వేళ మొదలై భోజనాల దాకా సాగేది. ఏ పని ఎవరిది, ఎప్పటికి అన్నది మాత్రం తేలేది కాదు. జూమ్‌కు మారాక మా పెద్దాయన కూడా ఉపోద్ఘాతం మానేశారు. సమయం అయిపోవస్తోందని తెర మీద కనిపించగానే ఎవరో ఒకరు "సరే, ఇది ఎవరు చేస్తారు?" అని అడిగేస్తారు. అసలు కూర్చున్నదే అందుకు కదా!

జీడిపప్పు రకాల నివేదిక దగ్గర మాత్రం ఈ గుణమే దెబ్బకొట్టింది. ఒక ఫ్యాక్టరీ మేనేజరు గారిని సమావేశానికి పిలిచాం. ఆయన తీరిగ్గా చెప్పే మనిషి. డబ్ల్యూ 240 అంటే పౌండు బరువుకు 220 నుంచి 240 గుండు పప్పులు తూగే రకమని, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320 అని, అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుందని ఓపిగ్గా వివరించారు. "ఇక బద్ద, ముక్కల సంగతికొస్తే..." అంటుండగా తెర ఖాళీ అయింది. మళ్లీ లింకు పంపేసరికి ఆయన ఎండలో ఆరబోసిన పిక్కలు చూడటానికి వెళ్లిపోయారట. మా కుర్రాడు విన్నంతవరకే పెట్టి నివేదిక తయారుచేశాడు. అందులో లోపలికి వెళ్లిన పిక్కల బరువుంది, బయటికొచ్చిన గుండు పప్పు బరువుంది. బద్దకీ ముక్కకీ గడే లేదు. "మిగతా పప్పంతా మీ కంప్యూటర్ తినేసిందా బాబూ?" అని మేనేజరు గారు ఫోను చేశారు. ఆ భాగం మొత్తం తిరిగి రాయాల్సి వచ్చింది.

అప్పటి నుంచి కొత్త సంగతి తెలుసుకోవాలంటే ఆమదాలవలసలో రైలెక్కి పలాస వెళ్తున్నాం. పెద్దాయన ఉపోద్ఘాతం కూడా ఈమధ్య రెండో లింకులోకి మారింది లెండి.

మేం ఆరుగురమే, ఏళ్లుగా కలిసి పనిచేస్తున్నాం. సగం మాటలోనే విషయం అందుతుంది. వారంవారం పనులు పంచుకోవడానికి మాకు ఉచిత ఖాతా చాలు. బయటివాళ్లతో తరచూ మాట్లాడాల్సిన జట్లయితే చందా కట్టుకోవడమే నయమేమో.