పర్లాకిమిడి వానల్లో నా క్లాసికల్ గిటార్: అడిగి చేయించుకున్నవాటిలో ఏవి అక్కరకొచ్చాయి

చేతితో గిటార్ చేయించుకోవాలనుకునేవారు మొదట అడిగేది చెక్క గురించే. పై పలకకు సెడార్ మంచిదా, స్ప్రూస్ మంచిదా అని. 2018లో తిత్లీ తుపాను రాకముందే చేయించుకున్న నా గిటార్‌ను అప్పటి నుంచీ ఇక్కడే వాయిస్తున్నాను. నన్నడిగితే ముందు మీ చేతి కొలత, మీ ఊరి గాలి తేల్చుకోండి. చెక్క సంగతి తర్వాత చూడవచ్చు.

మామూలు క్లాసికల్ గిటార్‌లో నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (పై పలక మీద తీగలు ఆనే పట్టీ) దాకా తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. నా వేళ్లు పొట్టి కాబట్టి 640 అడిగాను. మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర తగ్గేది అర మిల్లీమీటరే, తీగ బిగువు తగ్గేది దాదాపు 3 శాతమే. అయినా చిటికెన వేలు దూరంగా చాపవలసి వచ్చినప్పుడు, బారీ పట్టు (ఒకే వేలితో చాలా తీగలు నొక్కడం) చాలాసేపు నిలపవలసి వచ్చినప్పుడు మణికట్టుకు ఆ తేడా బాగా తెలుస్తుంది. నట్ వెడల్పు మాత్రం 52 మిల్లీమీటర్లే ఉంచాను. అది తగ్గితే వేలు పక్క తీగకు తగిలి స్వరం మూగబోతుంది.

ఇక గాలి. వానాకాలంలో పై పలక తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. దాంతో శాడిల్‌ను పట్టి ఉంచే చెక్క ముక్క, అంటే బ్రిడ్జ్, లేస్తుంది, తీగలు ఫ్రెట్లకు దూరమవుతాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర సన్న తీగ కింద 3, మందపు తీగ కింద 4 మిల్లీమీటర్ల ఎడం ఉంటే చేతికి హాయి. ఆగస్టు వచ్చేసరికి ఆ లెక్క తప్పుతుంది. అందుకే ఎముకతో రెండు శాడిళ్లు చేయించుకున్నాను, వానలకు పొట్టిది, చలికాలానికి ఎత్తైనది. శాడిల్‌కు జిగురు ఉండదు, గాడిలో ఊరికే కూర్చుంటుంది కాబట్టి తీగలు వదులు చేసి ఎవరైనా మార్చుకోవచ్చు. గిటార్ మొత్తంలో దీనంత చవకైన కోరిక లేదు, నాకు దీనంత మేలు చేసిందీ లేదు.

ఒక ఏడాది ఇంకా పొట్టి శాడిల్ అవసరమైంది. మా ఊరు కొమ్ము బొమ్మలకు పేరుపొందింది కదా, ఆ పని చేసే పెద్దాయన దగ్గరకు వెళ్లాను. శాడిల్ ఒక మిల్లీమీటరు తగ్గితే పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగుతుందని చెప్పగానే విషయం పట్టేశారు. కొమ్ముతో చేసిస్తానన్నారు గానీ, అది ఎముకంత గట్టిది కాదు, వేడికి వంగుతుంది. ఎముకతోనే చేయమన్నాను. ఆకురాయితో ఆయన తీసిన అంచు ఎంత తిన్నగా వచ్చిందో! ఇప్పటికీ ప్రతి వానాకాలం అదే వాడుతున్నాను.

మెడ లోపల కార్బన్ ఫైబర్ కడ్డీ వేయించడం కూడా మంచిదైంది. క్లాసికల్ గిటార్లలో చాలావాటికి ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోహపు కడ్డీ) ఉండదు, మెడ వంగితే మర తిప్పి సరిచేసుకునే వీలు లేదు. నా గిటార్ మెడ నేటికీ వంగలేదు. తిత్లీ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక ఇల్లంతా చెమ్మ పట్టింది. తీగలు వదులు చేసి, తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో పెట్టెలో మూసి ఉంచాను. బ్రిడ్జ్ జిగురు పట్టు వదలలేదు.

పై పలకకు మాత్రమే ఫ్రెంచ్ పాలిష్, మిగతా ఒంటికి లక్కర్ అనే వార్నిష్ పూయించాను. ఫ్రెంచ్ పాలిష్ అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డతో పొరలు పొరలుగా రుద్దడం. పొర పలచన కనుక పలక స్వేచ్ఛగా కంపిస్తుంది. కానీ మే నెల చెమటకు మెత్తబడుతుంది. కుడి మోచేయి ఆనేచోట మెరుపు పోయింది. నూలు తొడుగు వేసుకుని వాయిస్తాను. ఒళ్లంతా అదే పూయిస్తే మన ఎండలకు నిలవదు.

చెక్క విషయానికొస్తే నాది సెడార్ పలక, రోజ్‌వుడ్ వీపు. సెడార్ మొదటి రోజు నుంచే నిండుగా మోగింది, అయితే గోరు తగిలినచోటల్లా గాటు పడుతుంది. పలక లోపలి పట్టీలు 19వ శతాబ్దంలో స్పెయిన్ గిటార్ తయారీదారు ఆంటోనియో డి టోరెస్ స్థిరపరచిన పద్ధతిలోనే, విసనకర్ర పుల్లల్లా పరచుకుని ఉన్నాయి. పట్టీలను జాలీలా అడ్డదిడ్డంగా అల్లిన, మరింత గట్టిగా మోగే గిటార్లూ ఉన్నాయి. వాటి పలక మరీ పలచన. పగిలితే బాగుచేసేవారు మా దగ్గర లేరు.

ఫిర్యాదు ఒక్కటే, తీగలను బిగించి శ్రుతి చేసే ట్యూనింగ్ మరలు. వాటి ఎంపిక తయారీదారుకే వదిలాను. మూడో తీగ మర రెండేళ్లకే బిగుసుకుపోయింది. కొత్తవి కొనేటప్పుడు తీగ చుట్టుకునే కడ్డీకీ కడ్డీకీ మధ్య 35 మిల్లీమీటర్లు ఉన్నవే మార్కెట్లో సులువుగా దొరుకుతాయి. గిటార్ తలకు రంధ్రాలు వేసేముందే ఆ కొలత రాతపూర్వకంగా అడగండి.