విజయవాడ పటమట రైతుబజార్‌లో ఆకుకూరల మామ్మగారు: ఏడాదిగా కొంటున్నా, నా అనుభవం

పటమట రైతుబజార్‌కి వెళ్ళేవాళ్ళు టమాటాలు ఉల్లిపాయలు తర్వాత కొనుక్కోవచ్చు, ముందు లోపల చివర్లో గోనెపట్టా పరుచుకుని కూర్చునే ఆకుకూరల మామ్మగారి దగ్గరికి వెళ్ళండి. తోటకూర, పాలకూర, గోంగూర అందరి దగ్గరా ఉండేవే, ఈవిడ దగ్గర పొన్నగంటి, గంగపాయల కూర, మునగాకు, అవిసాకు కూడా ఉంటాయి, రెండ్రోజులు ముందు చెప్తే లేత నల్లేరు తెచ్చిపెడుతుంది.

నేను మొదలుపెట్టింది అమ్మ కోసం. హిమోగ్లోబిన్ 9 కి పడిపోతే డాక్టర్ గారు ఐరన్ టాబ్లెట్లు రాసి, ఆకుకూరలు కూడా బాగా పెట్టమన్నారు. ఒక షాపులో మునగాకు పొడి డబ్బా 350 రూపాయలు పెట్టి తెచ్చా, మూత తీస్తే ఎండుగడ్డి వాసన, రంగు చూస్తే ఇటుకపొడిలా ఉంది, చాలా బాధేసింది. మామ్మగారికి చెప్తే పది రూపాయల కట్ట చేతిలో పెట్టి "పొడెందుకమ్మాయ్, పచ్చిది పప్పులో వేసుకో, పొడే కావాలంటే నీడలో ఆరబెట్టు, ఎండలో పెడితే సారం పోద్ది, పప్పు దించాక నిమ్మకాయ పిండు" అంది. ఆ నిమ్మకాయ మాట పులుపు కోసమే అనుకున్నా, కానీ ఆకుల్లో ఉండే ఐరన్ ఒంటికి తక్కువే పడుతుందండి, విటమిన్ సి తోడైతే ఎక్కువ పడుతుంది, ఆ విటమిన్ వేడికి పోతుంది కాబట్టి దించాకే పిండాలి. అన్నం తినగానే టీ తాగితే కూడా ఐరన్ సరిగ్గా పట్టదు, అమ్మకి ఆ అలవాటు మాన్పించడానికి నెల పట్టింది! మూడు నెలలకి 11 వచ్చింది. టాబ్లెట్లు ఒక్కరోజు కూడా ఆపలేదు, ఆకు వల్లే పెరిగిందని నేను చెప్పను, మీరూ ఆకు చూసుకుని టాబ్లెట్ ఆపకండి.

ఈవిడలో నాకు నచ్చింది, అమ్ముడుపోవాలని రోగాల పేర్లు చెప్పదు. పొన్నగంటి కంటికి మంచిదని పెద్దవాళ్ళు అంటారు కదా, అడిగితే "నూనె వేసి వేపుకో, ఉత్తి నీళ్ళలో ఉడకబెడితే లాభమేంటి" అంది. అది నిజమే, ఆకుల్లోని బీటా కెరోటిన్‌ని ఒళ్ళు విటమిన్ ఎ గా మార్చుకుంటుంది, కాస్త నూనె ఉంటేనే బాగా పడుతుంది. పక్కింటాయనకి కిడ్నీలో రాళ్ళని తెలిసి గంగపాయల కూర అడిగితే ఇవ్వనంది. ఆ కూరలో ఒమేగా 3 అనే మంచి కొవ్వు ఉన్న మాట నిజమే, కానీ రాళ్ళు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్ కూడా ఎక్కువే, పాలకూరలో ఉన్నట్టే. అలాగే రక్తం పల్చబడే మందు, వార్ఫరిన్ లాంటిది వాడేవాళ్ళు ఆకుకూర ఒక వారం బోలెడు ఒక వారం సున్నా అన్నట్టు తినకూడదు, ఆకుల్లో ఉండే, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె వల్ల మందు పని అటూ ఇటూ అవుతుంది, డాక్టర్ని అడగండి.

నల్లేరు మాత్రం కొత్తవాళ్ళు జాగ్రత్త. చేతికి నూనె రాసుకోకుండా ఒలిచా, సాయంత్రం దాకా ఒకటే దురద. లేత కణుపులే తీసుకోవాలి, నార తీసి నూనెలో బాగా వేయించి చింతపండు వేసి పచ్చడి చేస్తే అన్నంలో అద్భుతం. ఎముకలు అతుక్కుంటాయని పాతకాలం నుంచీ వాడేదే, కానీ చెయ్యి విరిగితే ఎక్స్‌రేకి వెళ్ళాల్సిందే.

ఇబ్బందులు కూడా చెప్తా. ఎనిమిదిన్నర దాటితే మంచివన్నీ అయిపోతాయి. నీళ్ళు ఎక్కువ చల్లుతుంది, వానాకాలంలో రెండుసార్లు కట్ట అడుగున కుళ్ళిన ఆకు వచ్చింది, చూపిస్తే మారు మాట లేకుండా వేరేది ఇచ్చింది. మట్టి బాగా ఉంటుంది, మూడు నీళ్ళు కడగాలి. కవర్ ఇవ్వదు, సంచి మనమే పట్టుకెళ్ళాలి, ఫోన్‌పే ఉంది.

నా వరకు అయిదుకి నాలుగున్నర. ఈ ఆదివారం నల్లేరు తెస్తానంది, ఆరున్నరకే వెళ్తున్నా.