రోయింగ్ మెషీన్, ఒంటిచేతి కెటిల్‌బెల్ కలిపిన వర్కవుట్: చాలాకాలం చేశాక సమీక్ష

ముందు వర్కవుట్ ఏమిటో చెప్పేస్తాను. 500 మీటర్ల రోయింగ్, దిగగానే కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనుప గుండు)తో ఒక్కో చేత్తో 8 స్నాచ్‌లు (కాళ్ల మధ్య నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం), వెంటనే ఒక్కో చేత్తో 6 థ్రస్టర్లు (గుంజీ తీసి లేస్తూ తలపైకి నెట్టడం). ఇది ఒక రౌండు, మొత్తం ఐదు. మానిటర్‌లో 500 మీటర్ల ఇంటర్వెల్, 3 నిమిషాల 30 సెకన్ల రెస్ట్ పెట్టుకోవాలి. కెటిల్‌బెల్ పనంతా ఆ రెస్ట్‌లోనే అయిపోవాలి. చురుగ్గా చేస్తే రెండు నిమిషాల్లో ముగిసి, తొంభై సెకన్లు ఊపిరి తీసుకోవడానికి మిగులుతాయి. నాలుగో రౌండు వచ్చేసరికి ఆ తొంభై కాస్తా నలభై అవుతాయి. చేయి నెమ్మదించిన కొద్దీ విశ్రాంతి కరిగిపోతుంది, అదీ దీని కష్టం. మొదలు నుంచి చివరి రెప్ దాకా సుమారు 27 నిమిషాలు.

చేసినవాళ్లు చాలామంది ‘ఊపిరి అందలేదు’ అంటారు. జాగ్రత్తగా గమనిస్తే అంతకంటే ముందే ముంజేయి బిగుసుకుపోయి ఉంటుంది. రోయింగ్ హ్యాండిల్ లాగేదీ, బెల్ పట్టుకునేదీ అవే వేళ్ల కండరాలు. వాటికి విరామం దొరికేది రెస్ట్‌లో మిగిలిన ఆ కాసేపు మాత్రమే. అందుకే పట్టు పొదుపు రోయింగ్ దగ్గరే మొదలవ్వాలి. హ్యాండిల్‌ను పిడికిట్లో నొక్కిపెట్టకుండా వేళ్లను కొక్కెంలా వంచి తగిలించాలి, బొటనవేలు వదులుగా, మణికట్టు తిన్నగా ఉండాలి. సీటు ముందుకు జారే ప్రతిసారీ వేళ్లు కాస్త సడలించాలి. బెల్ పట్టే చోటు కూడా ముఖ్యమే. పిడి అరచేతి మధ్యలో ఉంటే స్నాచ్ కిందికి దిగేటప్పుడు చర్మం మడతపడి, కాయలు చిరిగిపోతాయి. వేళ్ల మొదళ్ల దగ్గర పట్టాలి. చాక్ (పట్టు జారకుండా చేతులకు రాసుకునే పొడి) కొంచెం చాలు. ఎక్కువ రాసుకుంటే అది రోయింగ్ హ్యాండిల్‌కీ, అక్కడినుంచి సీటు జారే కమ్మీ (రైలు) మీదికీ చేరి సీటు చక్రాల కింద నల్లటి ముద్దలా పేరుకుంటుంది.

ఇక డ్యాంపర్, అంటే ఫ్లైవీల్ (లాగినప్పుడు తిరిగే ఫ్యాన్ చక్రం) పక్కనుండే మీట. కాన్సెప్ట్2 మెషీన్ ఎక్కగానే మీటను 10కి తిప్పేవాళ్లను ఆపడం ఎవరితరమూ కాదు! ఆ మీట బరువు పెంచేది కాదు, ఫ్లైవీల్‌కు ఎంత గాలి అందాలో చెప్పేది. 10 మీద ప్రతి లాగూ నెమ్మదిగా, బరువుగా సాగి నడుము మీద పడుతుంది. ఆ వెంటనే స్నాచ్ కూడా అదే నడుమును అడుగుతుంది. ఈ వర్కవుట్‌కు 110 నుంచి 125 మధ్య డ్రాగ్ ఫ్యాక్టర్ (గాలి ఫ్లైవీల్‌ను ఎంత అడ్డుకుంటోందో చెప్పే అంకె) సరిపోతుంది. పీఎం5 మానిటర్‌లో ‘మోర్ ఆప్షన్స్’లో ‘డిస్‌ప్లే డ్రాగ్ ఫ్యాక్టర్’లోకి వెళ్లి నాలుగు లాగులు లాగితే ఆ అంకె కనిపిస్తుంది. ఫ్లైవీల్ గూట్లో దుమ్ము చేరితే గాలి తగ్గుతుంది కాబట్టి, ఒక మెషీన్‌లో 4 ఇచ్చే డ్రాగ్ ఇంకో మెషీన్‌లో 6 పెడితేగానీ రాదు. మీట అంకెను నమ్మొద్దు.

వేగం విషయంలో లెక్క నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. 500 మీటర్లకు 2:10 వేగమంటే సుమారు 159 వాట్లు, 2:00 అంటే 203 వాట్లు. పది సెకన్లు మిగుల్చుకోవడానికి 27 శాతం ఎక్కువ శక్తి పెట్టాలి. పైగా రెస్ట్ గడియారం రోయింగ్ అయ్యాకే మొదలవుతుంది కాబట్టి, ఆ పది సెకన్లు విశ్రాంతిలో కలవవు. మీ 2000 మీటర్ల మంచి వేగం 2:00 అయితే ఇక్కడ 2:08 నుంచి 2:12 మధ్య ఉండండి, ఐదు రౌండ్లూ ఒకేలా. థ్రస్టర్ల తర్వాత తొడలు మండుతుంటాయి కనుక రెండో రౌండు నుంచి సీటు ముందుకు పరుగెత్తుతుంది. స్ట్రోక్ రేట్ (నిమిషానికి ఎన్ని లాగులో) 32 చూపిస్తుంది, వేగం మాత్రం అక్కడే ఉంటుంది. మొదటి పది లాగులు 22, 24 దగ్గర పట్టి ఉంచి, తర్వాత 26కి వెళ్తే సర్దుకుంటుంది.

బరువు ఎంపికకు నా కొలత ఒకటే: అలసట లేనప్పుడు బలహీనమైన చేత్తో, మోకాళ్లు వంచకుండా ఐదుసార్లు తలపైకి నెట్టగలగాలి. మగవాళ్లలో చాలామందికి అది 16 కిలోల దగ్గర, ఆడవాళ్లకు 8 నుంచి 12 మధ్య తేలుతుంది. 16, 24, 32 అనే మెట్లు పూద్ అనే పాత రష్యన్ కొలత (16.38 కిలోలు) నుంచి వచ్చాయి. 16 నుంచి నేరుగా 24కి దూకితే సగానికి సగం పెరిగినట్టు. మధ్యలో 20 లేకపోతే ఈ వర్కవుట్‌లో పురోగతి అక్కడే ఆగుతుంది.

స్నాచ్‌లో బెల్ ముంజేతిని కొడుతోందంటే రెండు కారణాలు: అది ఒంటికి దూరంగా పెద్ద చాపంలో తిరగడం, పిడిని బిగించి పట్టడం. మోచేయి ఒంటికి దగ్గరగా ఉంచి, బెల్ తల ఎత్తుకు వచ్చేసరికి పట్టు వదులుచేసి చేతిని పైకి దూర్చేయాలి. ఎప్పుడూ బలహీనమైన చేత్తోనే మొదలుపెట్టండి. చేయి మార్చడానికి బెల్ నేల మీద పెట్టక్కర్లేదు, ఒక స్వింగ్ (బెల్‌ను కాళ్ల మధ్య నుంచి ఛాతీ ఎత్తు దాకా ఊపడం) మధ్యలో మార్చుకోవచ్చు.

థ్రస్టర్ అంటే బెల్‌ను భుజం ముందు ర్యాక్‌లో (మోచేయి మడిచి, బెల్ ముంజేతికి ఆనేలా) ఉంచి గుంజీలా కూర్చుని, లేస్తూ తలపైకి నెట్టడం. చూడ్డానికి తేలిక. ఒకవైపే బరువు ఉండడంతో తుంటి పక్కకు జరుగుతుంది, ఒక పాదం మీదే బరువు పడుతుంది. ఖాళీ చేతిని పక్కకు చాచి పిడికిలి బిగిస్తే మొండెం నిలబడుతుంది. మెత్తటి రన్నింగ్ షూస్‌తో ఇది ఇంకా చెడుతుంది, మడమ కిందికి దిగిపోతుంది. రోయింగ్‌కీ బెల్‌కీ చదును సోల్ ఉన్న బూట్లే సుఖం. ఫుట్‌ప్లేట్ పట్టీ బూటు అత్యంత వెడల్పుగా ఉన్నచోట, వేళ్లు వంగే గీత మీదుగా పోవాలి. మరీ బిగిస్తే దిగడానికే పదిహేను సెకన్లు పోతాయి.

నాకు నచ్చనిది ఒకటుంది: లాగే పని మరీ ఎక్కువ. రోయింగ్, స్నాచ్ రెండూ తుంటి దగ్గర వంగి లేచేవే. డెడ్‌లిఫ్ట్ (నేలమీది బరువును వంగి పట్టుకుని లేవడం) చేసిన మర్నాడు దీన్ని పెట్టుకుంటే మూడో రౌండులోనే వెన్ను గుండ్రమవుతుంది. వారానికి రెండుసార్లకు మించొద్దు, మధ్యలో కనీసం రెండు రోజులు వదలండి. కొత్తవాళ్లు మూడు రౌండ్లతో, స్నాచ్ బదులు ఒంటిచేతి స్వింగ్‌తో మొదలుపెట్టాలి. స్నాచ్‌లో భుజం చెవి దాకా లేస్తూ బెల్‌ను చేత్తో లాగుతున్నట్టు అనిపించిన క్షణంలో అనుభవజ్ఞులు కూడా స్వింగ్‌కు మారిపోవాలి, రెప్స్ సంఖ్య అలాగే ఉంచి. నడుము డిస్క్ సమస్య, భుజం నొప్పి, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దీని జోలికి రావద్దు.

కొనేవాళ్లకు ఒక మాట. పోటీ రకం స్టీల్ బెల్ ఏ బరువైనా ఒకే పరిమాణంలో ఉంటుంది, కాబట్టి బరువు మార్చినా ర్యాక్‌లో అది ఆనే చోటు మారదు. పోత ఇనుము బెల్ బరువుతోపాటు పెద్దదవుతుంది, పెయింట్ దళసరిగా ఉంటే చర్మం కోస్తుంది. బెల్‌ను రబ్బరు మ్యాట్ మీద, రోయింగ్ రైలుకు రెండడుగుల దూరంలో పెట్టుకోండి. రైలును రోజూ తుడవాలి, గొలుసుకు ప్రతి 50 గంటల వాడకానికి ఒకసారి నూనె పట్టించాలి.