క్లినిక్ అనుమతి వేరు, మందు అనుమతి వేరు: ఏడాదిన్నర పెప్టైడ్లు వాడాక

ఈ ఏడాదిన్నరలో రెండు క్లినిక్‌లు చూశాను. మొదటి దాంట్లో మూడు నెలలు మాత్రమే ఉన్నాను, రెండో చోట ఇప్పటికీ కొనసాగుతున్నాను. దగ్గర్లో పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) ఇంజెక్షన్లిచ్చే క్లినిక్ కోసం వెతుకుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

భుజం నొప్పి ఎంతకీ తగ్గకపోతే, రేటింగులు బాగున్నాయని మొదటి క్లినిక్‌కి వెళ్లాను. గోడ మీద డాక్టరుగారి రిజిస్ట్రేషన్, క్లినిక్ లైసెన్సు ఫ్రేము కట్టి ఉన్నాయి. వాటిని చూశాక ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. బీపీసీ-157 అనే పెప్టైడ్ పొడి ఉన్న చిన్న సీసా, అందులో కలపడానికి నీళ్లు, ఇన్సులిన్ సిరంజిలు చేతికిచ్చి, రోజూ పొట్ట దగ్గర వేసుకోమన్నారు.

ఐదో వారంలో ఒకరోజు ఆ సీసాను కిటికీ వెలుతురులో పెట్టి లేబుల్ చదివాను. తయారుచేసిన కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. అడుగున సన్నటి అక్షరాల్లో ‘పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు’ అని ఉంది. అప్పటికే ముప్పైసార్లకు పైగా ఒంట్లోకి ఎక్కించుకున్న మందు అది! ఆ రాత్రంతా ఒకటే టెన్షన్.

అడిగితే స్టాఫ్ నీళ్లు నమిలారు. చివరికి 99 శాతం స్వచ్ఛత అని ఒక రిపోర్టు చూపించారు. దాన్ని నమ్మి మిగిలిన సీసాలూ వాడేశాను, అది నా పొరపాటే. ఆ పెప్టైడ్ ఎంత స్వచ్ఛంగా ఉందో ఆ రిపోర్టు చెబుతుంది, అంతే. సూక్ష్మక్రిములు లేవని గానీ, జ్వరం తెప్పించే ఎండోటాక్సిన్లు లేవని గానీ చెప్పదు. వాటికి వేరే పరీక్షలుంటాయి. ఇంజెక్షన్ విషయంలో అసలు భయపడాల్సింది వాటికే.

డోసు సంగతీ అంతే. 5 మిల్లీగ్రాముల పొడిలో 2 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే సిరంజి మీద 10 యూనిట్లకు 250 మైక్రోగ్రాములు వస్తాయి. 1 మిల్లీలీటరే కలిపితే అదే 10 యూనిట్లకు 500 అవుతుంది. ఆ లెక్క నాకెవరూ కాగితం మీద రాసివ్వలేదు. షుగర్‌కూ, బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లుటైడ్ అనే పెప్టైడ్ మందును సీసాలోంచి తీసుకునే కొందరు పొరపాటున 5 నుంచి 20 రెట్లు ఎక్కువ ఎక్కించుకున్నారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది.

నియంత్రణ గురించి చదివాకే అసలు తేడా తెలిసింది. గోడ మీది కాగితాలు డాక్టరుకు, క్లినిక్‌కు ఉన్న అనుమతులు. వాళ్లిచ్చే మందుకు అనుమతి ఉందో లేదో వాటిని చూసి చెప్పలేం. ‘పెప్టైడ్’ అనే మాట కూడా మనల్ని పక్కదారి పట్టిస్తుంది. ఇన్సులిన్ కూడా పెప్టైడే, 1922 నుంచి మనుషులకు వాడుతున్నారు. సెమాగ్లుటైడ్‌కు ఎఫ్‌డీఏ 2017లో షుగర్‌కూ, 2021లో బరువు తగ్గడానికీ అనుమతినిచ్చింది. బీపీసీ-157ను మాత్రం 2023లో, ఫార్మసీల్లో కలిపి తయారుచేస్తే ప్రమాదం ఉండొచ్చన్న పదార్థాల్లో చేర్చింది. క్రీడాకారులకైతే 2022 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ దాన్ని నిషేధించింది. ఈ జాబితాలు మారుతుంటాయి, దేశాన్ని బట్టి నియమాలూ మారతాయి. కాబట్టి మీ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ రికార్డుల్లో మందు పేరు మీరే వెతకండి.

భుజం తగ్గిందా అంటే, తగ్గింది. కానీ అదే సమయంలో ఫిజియోథెరపీ కూడా చేయించుకున్నాను, కాబట్టి మార్కులు ఆ ఇంజెక్షన్‌కు వేయలేను.

రెండో క్లినిక్‌కి షుగర్, బరువు కోసం వెళ్లాను. ఈసారి ఫోన్‌లోనే అడిగాను: ఈ మందుకు అనుమతి ఉందా, ఎవరు తయారుచేస్తారు, చీటీ రాసిస్తే నాకు నచ్చిన ఫార్మసీలో కొనుక్కోవచ్చా? మూడింటికీ తడుముకోకుండా జవాబిచ్చారు. డాక్టరమ్మ మందు రాసే ముందు ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, నాకెప్పుడైనా పాంక్రియాస్ వాపు వచ్చిందా అని అడిగి, రక్తపరీక్షలు చేయించారు. సెమాగ్లుటైడ్ వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. డోసు పెంచినప్పుడల్లా వికారంగా ఉండేది. ఒకసారి తట్టుకోలేకపోతే పెంచడం నెల రోజులు ఆపారు. పెన్ను సీలుతో వస్తుంది, బ్యాచ్ నంబరు నేనే ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటున్నాను.

లోపాలు లేవని కాదు. ఫాలోఅప్‌లో ఐదు నిమిషాలకు మించి మాట్లాడరు, ఆహారం గురించి అడిగితే ప్రింటు కాగితం ఇచ్చి పంపేస్తారు. ఎన్నాళ్లు వాడాలి, ఆపేస్తే బరువు తిరిగొస్తే ఏం చేయాలి అన్నదానికి కూడా ఇంకా సరైన సమాధానం రాలేదు. వచ్చే నెల పరీక్షలకు వెళ్లినప్పుడు ముందుగా అదే అడుగుతాను.