పాత పికప్ స్థానంలో ఏది? ముందు డ్రైవర్ తలుపు తీసి స్టిక్కర్ చదవండి

పదేళ్లు తిరిగిన ఫుల్ సైజు పికప్‌ను మార్చుకోవడానికి టెక్సస్‌లో ఏ డీలరు దగ్గరికి వెళ్లినా ముందు చెప్పేది లాగుడు సామర్థ్యం. టొయోటా టండ్రా 12,000 పౌండ్లు, ఫోర్డ్ ఎఫ్-150 అయితే 13,500. ఆ అంకెలు అబద్ధం కాదు. అవి ఒకటి రెండు ఫలానా ఇంజిన్-ఆక్సిల్ జతలకే వర్తిస్తాయి, మీ ఇంటికి వచ్చే ట్రక్కుకు కాదు, అంతే తేడా. మీ ట్రక్కు అంకె దాని డ్రైవర్ తలుపు పక్కన, బాడీ స్తంభానికి అంటించి ఉంటుంది. పసుపు పట్టీ ఉన్న తెల్ల స్టిక్కర్ అది. మనుషులు, సామాను అంతా కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో అందులో రాసి ఉంటుంది. అదే పేలోడ్. ఒకే మోడల్, ఒకే రంగు, పక్కపక్కన నిలబెట్టిన రెండు ట్రక్కుల స్టిక్కర్లు కూడా మూడు నాలుగు వందల పౌండ్లు తేడా చూపిస్తాయి. సన్‌రూఫ్, పవర్ మెట్లు, 22 అంగుళాల చక్రాలు, హైబ్రిడ్ బ్యాటరీ, వీటన్నిటి బరువూ ఆ అంకెలోంచే పోతుంది.

లెక్క వేసి చూద్దాం. సామాను నింపిన క్యాంపింగ్ ట్రెయిలర్ 7,000 పౌండ్లు అనుకుందాం. అందులో 10 నుంచి 15 శాతం బరువు హిచ్ (ట్రక్కు వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద పడాలి. అంతకన్నా తగ్గితే హైవే మీద ట్రెయిలర్ తోక ఊపుతుంది. 13 శాతం వేసుకుంటే 910 పౌండ్లు. బరువును ముందు చక్రాలకు కూడా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 90. ఐదుగురు మనుషులు 700. ఐస్ పెట్టె, టూల్ బాక్స్, వెనక తొట్టి మీద కవరు కలిపి 120. మొత్తం 1,820. మామూలు ట్రిమ్ (సౌకర్యాల స్థాయి) ఎఫ్-150లో ఈ బరువు పట్టే స్టిక్కర్ వెతికితే దొరుకుతుంది. పై ట్రిమ్ రామ్‌లోనో హైబ్రిడ్ టండ్రాలోనో 1,300 దరిదాపుల్లో కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ ట్రక్కు 7,000 పౌండ్లు లాగలేదని కాదు, లాగుతుంది. అయితే పిల్లల్ని ఇంట్లో వదిలి వెళ్లాలి!

మదనపల్లె మార్కెట్‌కు టమాటా పెట్టెలు మోసే బొలెరో పికప్‌ను చూసిన కళ్లకు ఇది వింతగానే ఉంటుంది. అందులో 1.7 టన్నుల మోడల్ అంటే 3,750 పౌండ్లు. ధరలో ఎన్నో రెట్లున్న అమెరికా ట్రక్కు అందులో సగం మోయడానికే ఆయాసపడుతుంది. ఒకటి బరువు మోయడానికి పుట్టిన బండి, రెండోది మెత్తటి స్ప్రింగుల మీద కుటుంబాన్ని తిప్పుతూ అప్పుడప్పుడు బరువు మోసేది.

హిచ్ మీద కూడా ఇంకో స్టిక్కర్ ఉంటుంది. ఎఫ్-150 రిసీవర్ (హిచ్ దూర్చే గొట్టం) మీద మామూలు బాల్ మౌంట్‌తో 5,000 పౌండ్లు, హిచ్ మీద 500 పౌండ్లు అని రాసి ఉంటుంది. అంతకు మించితే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ తప్పనిసరి. చాలామంది దీన్ని చదవరు. వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలి, స్టీరింగ్ పట్టు తప్పినప్పుడు ట్రక్కును తిట్టుకుంటారు.

పేలోడ్ తేలాక ఇంజిన్. ఇక్కడ కంపెనీ పేరు కన్నా ఏ ఇంజిన్, ఏ ఏడాది అన్నదే ముఖ్యం. ఫోర్డ్, జీఎం, రామ్, టొయోటా, ఈ నాలుగు కంపెనీల్లో ఒక్కదానికి కూడా మచ్చ లేని చరిత్ర లేదు.

ఫోర్డ్ ఎఫ్-150తో మొదలుపెడితే, 2.7 లీటర్ల ఎకోబూస్ట్ (ఫోర్డ్ టర్బో ఇంజిన్) 325 హార్స్‌పవర్, 5.0 వీ8 (ఎనిమిది సిలిండర్లది) 400, 3.5 ఎకోబూస్ట్ 400, దాని హైబ్రిడ్ అయిన పవర్‌బూస్ట్ 430. లాగడానికి 3.5కే ఓటు. 500 పౌండ్-అడుగుల టార్క్ తక్కువ తిరుగుళ్లలోనే అందుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు గేర్ల కోసం వెతుక్కోదు. పాతది కొనేవాళ్లు 2017 నుంచి 2020 మధ్య 3.5 ఇంజిన్ల దగ్గర జాగ్రత్త పడాలి. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గలగలమని శబ్దం వస్తే అది క్యామ్ ఫేజర్లు (వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దేవి) అరిగిన గుర్తు. నాలుగూ మార్చాలి, వేల డాలర్ల పని. అందుకే డీలరు ముందే ఇంజిన్ వేడెక్కించి ఉంచితే మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లండి. 2.7లో 2021-22 నాటి కొన్ని ఇంజిన్లకు ఇన్‌టేక్ వాల్వులు పెళుసుగా తయారై విరిగాయి. 2024లో దీని మీద రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం) వచ్చింది. విరిగేవి ఎక్కువగా 20,000 మైళ్లలోపే విరిగాయి కాబట్టి 70,000 తిరిగిన ఇంజిన్‌కు ఆ భయం తక్కువే. అయినా రీకాల్ పని పూర్తయిందా లేదా చూడాల్సిందే.

ఫోర్డ్ పది గేర్ల ట్రాన్స్‌మిషన్‌లో లోపలి క్లచ్ డ్రమ్ బుష్ పక్కకు జరిగి ఆయిల్ ప్రెషర్ కారిపోవడం తెలిసిన జబ్బు. మూడో గేరు నుంచి పైకి మారేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఉంటుంది. టెస్ట్ డ్రైవ్‌లో హైవే ఎక్కితే ఇది దొరకదు. సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ, మెల్లగా యాక్సిలరేటర్ నొక్కుతూ ఇరవై నిమిషాలు ఊళ్లో నడపాలి.

ఎఫ్-150 బాడీ 2015 నుంచి అల్యూమినియం. ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఇది వరం. వడగళ్లు పడే డాలస్ చుట్టుపక్కల మాత్రం సొట్టలు తీయడానికి ఉక్కు బాడీ కన్నా ఎక్కువ ఖర్చవుతుంది. ఆ లోహం ఉక్కులా తిరిగి సర్దుకోదు. గరాజ్‌లో పెట్టే వీలు లేనివాళ్లు ఇన్సూరెన్స్‌లో డిడక్టబుల్ (ముందు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) ఎంతో చూసుకుని కొనాలి.

పవర్‌బూస్ట్ ఎవరికి? తొట్టిలో 7.2 కిలోవాట్ల జనరేటర్ సాకెట్లు కావాలనుకునేవాళ్లకు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో కరెంటు పోయినప్పుడు ఇలాంటి ట్రక్కులతో ఇళ్లు నడుపుకున్నవాళ్లున్నారు. మైలేజీ కోసమే అయితే దాని ధర తిరిగి రాబట్టుకోవడానికి చాలా మైళ్లు తిరగాలి.

ఇక జీఎం ట్రక్కులు: షెవర్లే సిల్వరాడో, దాని తోబుట్టువు జీఎంసీ సియెర్రా. ఇక్కడ అన్నిటికన్నా పెద్ద సంగతి 6.2 వీ8. కనెక్టింగ్ రాడ్లు, క్రాంక్‌షాఫ్టుల తయారీ లోపం వల్ల 2025 ఏప్రిల్‌లో జీఎం అమెరికాలో దాదాపు 6 లక్షల బండ్లను రీకాల్ చేసింది. అవన్నీ 2021 నుంచి 2024 మోడళ్లు. పరీక్షలో తప్పిన ఇంజిన్‌ను మారుస్తారు. నెగ్గినదానికి పలచటి 0డబ్ల్యూ-20 బదులు చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ పోసి, కొత్త ఆయిల్ మూత పెట్టి పంపిస్తారు. చిక్కటి ఆయిల్‌తో సరిపెట్టిన ట్రక్కు కన్నా, ఇంజిన్ మార్చినట్టు కాగితం ఉన్నదాన్నే ఎంచుకుంటే రాత్రి నిద్ర పడుతుంది.

5.3 వీ8 355 హార్స్‌పవర్, మామూలు 87 ఆక్టేన్ గ్యాస్ (పెట్రోలు) చాలు, ఏ మెకానిక్‌కైనా తెలిసిన ఇంజిన్. దాని బలహీనత సిలిండర్లను ఆపి ఇంధనం ఆదా చేసే ఏర్పాటులో ఉంది. అందులోని లిఫ్టర్ (వాల్వును కదిలించే ముక్క) ఇరుక్కుంటే టిక్ టిక్ శబ్దం, తర్వాత మిస్‌ఫైర్. హెడ్లు దించి లిఫ్టర్లు మార్చాలి, ఆలస్యం చేస్తే క్యామ్‌షాఫ్టూ పోతుంది. ఎనిమిది గేర్ల పాత సిల్వరాడో తీసుకుంటే 30 నుంచి 65 మైళ్ల వేగంలో తేలిగ్గా యాక్సిలరేటర్ నొక్కి పట్టి చూడండి. రోడ్డు అంచు గరుకు పట్టీల మీద పోతున్నట్టు అదిరితే టార్క్ కన్వర్టర్ వణుకు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పూర్తిగా మార్చితే చాలాసార్లు పోతుంది. అన్నిసార్లూ పోదు.

రోజూ దూరం తిరిగేవాళ్లకు జీఎంలో చూడదగ్గది 3.0 డీజిల్. 305 హార్స్‌పవర్, 495 పౌండ్-అడుగుల టార్క్, హైవే మీద గ్యాలనుకు 25 మైళ్ల పైన. అయితే ఆయిల్ పంపును నడిపే బెల్టు ఇంజిన్ వెనక వైపు ఉంటుంది, దాన్ని మార్చాలంటే ట్రాన్స్‌మిషన్ దించాలి. మొదటి తరానికి 1,50,000 మైళ్ల దగ్గర ఆ పని వస్తుంది. 1,30,000 తిరిగిన పాత డీజిల్ చవగ్గా దొరికితే ఆ చవక ఎందుకో ఇప్పుడు తెలిసినట్టే. ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు మైళ్లే అయినవాళ్లు డీజిల్ జోలికి పోవద్దు. మసి ఫిల్టరు తనను తాను కాల్చుకునేంత వేడి ఆ దూరంలో పుట్టదు.

రామ్ 1500 ఈ నలుగురిలో కూర్చుని వెళ్లడానికి హాయైనది. వెనక చక్రాలకు లీఫ్ స్ప్రింగు పట్టీల బదులు కాయిల్ స్ప్రింగులు 2009 నుంచే ఉన్నాయి. ఆ హాయికి వెల పేలోడ్. 5.7 హెమీ వీ8ను 2025 మోడల్‌లో తీసేసి, రెండు టర్బోల 3.0 ఇన్‌లైన్ సిక్స్ పెట్టారు. అది 420 హార్స్‌పవర్, పై రకం 540. గొడవ రేగడంతో 2026 మోడల్‌లో హెమీ తిరిగి వచ్చింది, 395 హార్స్‌పవర్‌తో. శబ్దం మీద మమకారం పక్కన పెడితే కొత్త సిక్సే మెరుగైన ఇంజిన్. పాత హెమీలో రెండు రకాల టిక్ వినిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక ఆగిపోతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరిగి ఉంటుంది, అది భరించదగ్గ ఖర్చు. వేడెక్కాక కూడా ఆగకపోతే లిఫ్టరు, క్యామ్‌షాఫ్టు. ఆ ట్రక్కు వదిలేయండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న పాత రామ్‌ను వారంటీ అయిపోయాక కొనడం కోరి తెచ్చుకునే తద్దినం. 2026 కొత్త రామ్‌కు మొదటి యజమానికి ఇంజిన్, ట్రాన్స్‌మిషన్ మీద పదేళ్లు లేదా 1,00,000 మైళ్ల వారంటీ ఇస్తున్నారు. ఎక్కువ కాలం ఉంచుకునేవాళ్లకు ఇది బరువైన మాటే.

టండ్రా విషయంలో మనవాళ్లు కొంచెం కళ్లు తెరవాలి. క్యామ్రీ, సియెన్నా ఇరవై ఏళ్లు నడిపిన నమ్మకంతో టొయోటా అనగానే సంతకం పెట్టేస్తారు. ఆ నమ్మకానికి తగిన టండ్రా 2021 వరకు వచ్చిన 5.7 వీ8. గ్యాస్ తాగుతుంది, కానీ ఆగదు. 2022 నుంచి వచ్చింది రెండు టర్బోల వీ6. తయారీలో మిగిలిన లోహపు రజను లోపలే ఉండిపోయి మెయిన్ బేరింగులు పోయాయి. 2024 మేలో లక్షకు పైగా టండ్రాలు, లెక్సస్‌లను రీకాల్ చేశారు. 2025 నవంబరులో ఇంకో 1,27,000 చేర్చారు, 2024 మోడళ్లు కూడా అందులోకి వచ్చాయి. ఇంజిన్ మార్చిన కాగితం లేని 2022, 2023 టండ్రాను ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. కొత్తది కావాలంటే తీసుకోవచ్చు. తొట్టి తుప్పు పట్టని కాంపోజిట్, మళ్లీ అమ్మితే ధర నిలబడుతుంది.

ఏది ఎంచుకున్నా బేరానికి ముందు విన్ నంబరును (బండి గుర్తింపు సంఖ్య) ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ రీకాల్ పేజీలో కొట్టి చూడండి. ఆ నంబరు మొదటి అంకె కూడా పనికొస్తుంది. 1, 4, 5 అయితే అమెరికాలో తయారైంది, 2 కెనడా, 3 మెక్సికో. టండ్రా శాన్ ఆంటోనియోలో తయారవుతుంది. సిల్వరాడో మూడు దేశాల నుంచీ వస్తుంది. 2025 నుంచి 2028 వరకు కొత్త బండి అప్పు మీద వడ్డీకి ఏడాదికి 10,000 డాలర్ల దాకా పన్ను మినహాయింపు ఉన్నది అమెరికాలో తయారైనవాటికే, ఆదాయ పరిమితికి లోబడి. పాత ట్రక్కును అదే డీలరుకు ఇస్తే టెక్సస్‌లో 6.25 శాతం అమ్మకం పన్ను తేడా ధర మీదే పడుతుంది. బయట అమ్మితే వచ్చే అదనం ఆ పన్ను కన్నా ఎక్కువో కాదో లెక్క చూసుకోవాలి.

గ్యాస్ స్టేషనో మోటెలో నడుపుతూ వ్యాపారం పేరు మీద కొనేవాళ్లకు తొట్టి పొడవే డబ్బు. మొత్తం బరువు రేటింగ్ 6,000 పౌండ్లు దాటి, తొట్టి లోపలి పొడవు కనీసం 6 అడుగులు ఉంటే, సెక్షన్ 179లో (వ్యాపారానికి కొన్న సామగ్రి ఖర్చును అదే ఏడాది పన్ను లెక్కలో తగ్గించుకునే నియమం) ఎస్‌యూవీలకు పెట్టిన పరిమితి వర్తించదు. ఐదున్నర అడుగుల తొట్టి ఆ పరిమితి కిందే పడుతుంది. ఆరున్నర అడుగుల తొట్టితో క్రూ క్యాబ్ (నాలుగు పెద్ద తలుపుల క్యాబిన్) తీసుకుంటే ఈ చిక్కు ఉండదు, కానీ ట్రక్కు ఇంకో పది పన్నెండు అంగుళాలు పొడుగవుతుంది.

ఆ పొడుగు దగ్గరే చాలా కొనుగోళ్లు బెడిసికొడతాయి. ఐదున్నర అడుగుల తొట్టితోనే క్రూ క్యాబ్ ట్రక్కు 232, 233 అంగుళాలు, అంటే 19 అడుగుల 4 అంగుళాలు. శివారు ఇళ్ల గరాజ్ లోతు చాలా చోట్ల 20 అడుగులు. గోడవారగా వాటర్ హీటరో రెండో ఫ్రిజ్జో ఉంటే అంతే సంగతులు. వెనక హిచ్ బాల్ మౌంట్ తీయకపోతే ఇంకో ఎనిమిది అంగుళాలు కలపండి. టెస్ట్ డ్రైవ్‌కు తీసుకున్న ట్రక్కును నేరుగా ఇంటికి నడిపి, గరాజ్‌లో పెట్టి, షట్టర్ దించి, నాలుగు తలుపులూ తెరిచి చూశాకే సంతకం పెట్టండి.