జెండాల వరుస దాటాక ఉన్న బల్ల

మా యూనివర్సిటీలో ఏటా నవంబరులో జరిగే ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ వీక్‌కి 2024లో మూడు రోజులు వెళ్లాను. నేను అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. అప్పటికి బ్యాచిలర్స్ రెండో ఏడు. ఇక్కడి నుంచి ఇంకో దేశం వెళ్లి ఒక సెమిస్టర్ చదవాలనుకునే మనవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను: వేదిక మీద మనకి పెద్దపీట వేశారు, స్టడీ అబ్రాడ్ బల్లల దగ్గర మాత్రం మనల్ని లెక్కలోకే తీసుకోలేదు. అయినా వెళ్లమనే అంటాను.

అమెరికా విదేశాంగ శాఖ, విద్యాశాఖ కలిసి 2000లో మొదలుపెట్టిన వారం ఇది. మా క్యాంపస్‌లో సోమవారం జెండాల ఊరేగింపు, మంగళవారం స్టడీ అబ్రాడ్ ఫెయిర్, గురువారం వీసాల మీద ఒక సెషన్ పెట్టారు.

ఊరేగింపు బాగా చేశారు. నా ముందు నడిచిన అమ్మాయి వాళ్ల దేశం నుంచి మా క్యాంపస్‌లో ఒక్కతే. మైకు పట్టుకున్నతను మొదలయ్యే ముందే వచ్చి ఆమె పేరు రెండుసార్లు పలికించుకుని, తనకి తెలిసేలా కార్డు మీద రాసుకున్నాడు. తీరా పిలిచినప్పుడు తప్పు లేకుండా పిలిచాడు. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. ఇక్కడికొచ్చి రెండేళ్లుగా నా పేరు ఎవరు ఎలా పలికినా సర్దుకుపోతున్న నాకు అది చాలా పెద్ద విషయంగా అనిపించింది.

ఫెయిర్ దగ్గరే తేడా వచ్చింది. స్టూడెంట్ సెంటర్ కింది అంతస్తులో 11 నుంచి 2 దాకా పెట్టారు. ఇంజనీరింగ్ వాళ్లకి సరిగ్గా ల్యాబ్‌లు ఉండే సమయం. నేను ల్యాబ్ రిపోర్ట్ ఇచ్చేసి పరుగున వెళ్లేసరికి ఒంటిగంట దాటింది. మొదటి బల్ల దగ్గర వాలంటీర్ నా మెడలో ఉన్న కార్డు చూసి, నవ్వుతూనే, "మీరు ఆల్రెడీ అబ్రాడ్‌లోనే ఉన్నారు కదా!" అని ఒక పెన్ను ఇచ్చి పక్కవాళ్ల వైపు తిరిగింది. మంచిగానే అంది. కానీ నేను బ్రోషర్ అడగడానికి నోరు తెరిచేలోపే నా సంగతి తేలిపోయింది.

పక్కనే స్కాలర్‌షిప్‌ల బోర్డు. అందులో అన్నిటికంటే పైన గిల్మన్ స్కాలర్‌షిప్, 5,000 డాలర్ల వరకు ఇస్తారు. పెల్ గ్రాంట్ తీసుకునే పిల్లలకి, అంటే ఇంట్లో డబ్బు లేని అమెరికన్ విద్యార్థులకి, ఉద్దేశించింది. అలాంటిది ఉండటం చాలా అవసరం. నా రూమ్‌మేట్ దాని కోసమే అప్లై చేస్తోంది. నా బాధల్లా ఎవరు అర్హులో బోర్డు మీద ఒక్క ముక్క కూడా లేకపోవడం. నేను వాటిలో మూడింటి లింకులు ఫోటో తీసుకుని, రాత్రి రూమ్‌లో ఒక్కొక్కటీ తెరిచి, మూడింటికీ అమెరికా పౌరసత్వం ఉండాలని అప్పుడు తెలుసుకున్నాను.

విదేశీ విద్యార్థుల లెక్కలు ఏటా చెప్పే ఓపెన్ డోర్స్ రిపోర్టు ఆ వారమే వచ్చింది, దాని అంకెలు కూడా గోడకి పెట్టారు. 2023-24లో అమెరికాలో చదివే విదేశీ విద్యార్థులు 11,26,690 మంది, వాళ్లలో మనవాళ్లు 3,31,602, అన్ని దేశాల కంటే ఎక్కువ. దాని పక్కనే, 2022-23లో ఇక్కడి నుంచి బయటి దేశాలకి చదవడానికి వెళ్లినవాళ్లు 2,80,716. ఈ రెండో లెక్క అమెరికా పౌరులది, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లది మాత్రమే. రేపు నేను వెళ్లినా అందులో ఉండను. ఆ వాలంటీర్‌కి నేను స్టడీ అబ్రాడ్ విద్యార్థిగా ఎందుకు కనిపించలేదో అక్కడ కాస్త అర్థమైంది.

ఇక వెళ్లిపోదాం అనుకుంటుండగా జెండాల వరుస చివర, తలుపు పక్కన, ఒక చిన్న బల్ల కనిపించింది. కిందటి ఏడు నెదర్లాండ్స్‌లో ఒక సెమిస్టర్ చదివొచ్చిన సీనియర్ అక్కడ కూర్చుంది. బల్ల మీద బ్రోషర్లు లేవు, ఒక నీలం ఫైలు మాత్రం ఉంది. ఈ రివ్యూలో నేనిచ్చే మార్కుల్లో అన్నిటికంటే పెద్ద వాటా ఆ ఫైలుకే.

అందులో ఆమె అక్కడ తీసుకున్న ప్రతి కోర్సు సిలబస్ ఉంది. ఒక్కోదానికి ఇక్కడి డిపార్ట్‌మెంట్ ఒప్పుకున్న ఫారం పిన్ను చేసి ఉంది. యూరప్‌లో చదువుని ఈసీటీఎస్ అనే క్రెడిట్లలో కొలుస్తారు, ఏడాదికి 60, సెమిస్టర్‌కి 30. సాధారణంగా రెండు ఈసీటీఎస్‌ని ఇక్కడ ఒక క్రెడిట్‌గా లెక్కేస్తారు. అంతవరకు నాకూ తెలుసు. తెలియనిది మూడో ఫారం చూపించింది. దాని మీద ఎర్ర సిరాతో 'ల్యాబ్ గంటలు?' అని రాసి, సంతకం చేయకుండా వెనక్కి పంపారు. హైడ్రాలిక్స్ కోర్సు. ల్యాబ్ ఉంది, చేసింది కూడా, కానీ సిలబస్‌లో ఎన్ని గంటలో లేదు. అక్కడి ప్రొఫెసర్‌కి రాస్తే ఆయన రెండు లైన్ల ఉత్తరం పంపారు. అది కూడా ఫైల్లోనే ఉంది. దానితో మూడు క్రెడిట్లు నిలిచాయి. "వెళ్లకముందే అడుగు. వచ్చాక అడిగితే నాలాగే నాలుగు నెలలు తిరుగుతావు" అంది.

1923లో డెలావేర్ యూనివర్సిటీ నుంచి రేమండ్ కిర్క్‌బ్రైడ్ అనే ప్రొఫెసర్ 8 మంది విద్యార్థుల్ని ఓడలో ఫ్రాన్స్ తీసుకెళ్లిన కథ కూడా ఆ హాల్లో ఒక పోస్టర్‌లో ఉంది. అమెరికాలో స్టడీ అబ్రాడ్ అక్కడే మొదలైందంటారు. ఆ పిల్లలు మూడో ఏడు అక్కడ చదివితే అది ఇక్కడి డిగ్రీలో కలిసింది. వందేళ్ల తర్వాత కూడా అసలు పని ఆ కలపడమే. జనం ఆ పోస్టర్ దగ్గర ఫోటోలు దిగుతున్నారు, నీలం ఫైలు దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఆమెని హాలు మధ్యలో కూర్చోబెట్టాల్సింది.

గురువారం సెషన్‌కి పన్నెండు మంది వచ్చాం. ఇంటర్నేషనల్ ఆఫీసు అడ్వైజర్ చక్కగా చెప్పారు. మన యూనివర్సిటీ ప్రోగ్రాం ద్వారా వెళ్లి, ఇక్కడ ఫుల్‌టైమ్ ఎన్‌రోల్‌మెంట్ ఉంటే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డు యాక్టివ్‌గానే ఉంచవచ్చు. వెళ్లేముందు ఐ-20 (ఎఫ్-1 కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ట్రావెల్ సంతకం చేయించుకోవాలి. పాస్‌పోర్టులో ఎఫ్-1 స్టాంపు గడువు తిరిగొచ్చే తేదీ దాకా ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే బయట కాన్సులేట్‌లో కొత్తది వేయించుకున్నాకే రావాలి. నెదర్లాండ్స్‌లో 90 రోజులు దాటి ఉండాలంటే మన పాస్‌పోర్టుకి ఎంట్రీ వీసా, రెసిడెన్స్ పర్మిట్ రెండూ కావాలి. వాటికి అక్కడి యూనివర్సిటీయే దరఖాస్తు పెడుతుందని విని నాకు సగం భయం పోయింది.

ఫీజు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, నేను అడిగి తెలుసుకున్నాను. ఎక్స్ఛేంజ్‌లో వెళ్తే ట్యూషన్ ఇక్కడే కట్టాలి, అదీ విదేశీ విద్యార్థులకి ఇక్కడుండే రేటులోనే. నేరుగా అక్కడి యూనివర్సిటీకి కట్టే ప్రోగ్రాం మనకి కొన్నిసార్లు చవకపడొచ్చు. ఇంకోటి, నెదర్లాండ్స్‌లో శరదృతువు సెమిస్టర్ జనవరి చివరిదాకా సాగుతుంది, ఇక్కడ స్ప్రింగ్ క్లాసులు జనవరి మధ్యలోనే మొదలైపోతాయి. అందుకే ఫిబ్రవరిలో మొదలయ్యేదే మనకి నయం.

ఇవన్నీ మంగళవారం ఫెయిర్‌లోనే ఒక కాగితం మీద పెట్టి ఇచ్చి ఉంటే బాగుండేది. స్టడీ అబ్రాడ్ ఆఫీసు, ఇంటర్నేషనల్ ఆఫీసు రెండూ ఒకే బిల్డింగులో, ఒకటి కింద, ఒకటి పైన. ఒకరి వారం గురించి ఇంకొకరికి తెలిసినట్టు నాకనిపించలేదు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదే రాశాను: ఫెయిర్ సాయంత్రం పెట్టండి, స్కాలర్‌షిప్ బోర్డు మీద అర్హత రాయండి, వీసా అడ్వైజర్‌కి హాల్లో ఒక బల్ల ఇవ్వండి.

అయిదుకి మూడున్నర. ఊరేగింపుకి ఒకటి, సెషన్‌కి ఒకటి, మిగతా ఒకటిన్నర ఆ ఫైలుకి.

నేను 2026 ఫిబ్రవరి సెమిస్టర్‌కి అప్లై చేశాను. రెండు కోర్సులకి సంతకాలు వచ్చాయి. మూడోది గ్రౌండ్‌వాటర్ కోర్సు, ల్యాబ్ గంటలు ఎన్నో చెప్పమని అక్కడి ప్రొఫెసర్‌కి నిన్న రాత్రి మెయిల్ పెట్టాను.